12 లక్షల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ తీసేస్తే ప్రభుత్వానికి ముందు ముందు నష్టమా? ట్రెజరీలో 31 ఏళ్లు పనిచేసినవాడిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 2025 బడ్జెట్‌లో 12 లక్షల ఆదాయం దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేకుండా చేశారు. ఆ డబ్బు జనం దగ్గర మిగిలితే ఖర్చు పెడతారు, ఖర్చు పెడితే జీఎస్టీ కడతారు, కాబట్టి ప్రభుత్వం ఒక చేత్తో వదిలింది ఇంకో చేత్తో పట్టుకుంటుంది. మరి దీర్ఘకాలంలో ఖజానాకు ప్రమాదం అని కొందరు ఎందుకు అంటున్నారు, అది ఊరికే భయపెట్టడమేనా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, వదిలిన ప్రతి వందలో తిరిగి వచ్చేది పది పదిహేను రూపాయలే. మిగతా ఎనభై అయిదు ఎక్కడి నుంచో తేవాలి. అలాగని ఈ ఒక్క కోతతో దేశం కొంప మునిగిపోదు, అది కూడా ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే నన్ను మీరు ఇంకో రకం భయపెట్టేవాడి కింద జమకడతారు. అసలు చిక్కు ఏంటంటే, పన్ను తగ్గించేది వసూళ్లు బాగున్న సంవత్సరంలో. తగ్గించాక దాన్ని మళ్లీ పెంచాల్సింది వసూళ్లు బాగాలేని సంవత్సరంలో. ఆ పని చేయడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం చాలదు.

నా గురించి రెండు ముక్కలు. సబ్ ట్రెజరీలో, అంటే ప్రభుత్వ బిల్లులు పాస్ చేసే ఆఫీసులో, జూనియర్ అకౌంటెంటుగా చేరి, ఎస్‌టీవోగా (సబ్ ట్రెజరీ ఆఫీసరుగా) చేసి, చివరి కొన్నేళ్లు సచివాలయంలో ఆర్థిక శాఖలో రోజువారీ నగదు లెక్కలు చూసే సీటులో కూర్చుని రిటైర్ అయ్యాను. ఎకనామిక్స్ డిగ్రీలు లేవు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి, ఈ 12 లక్షల పుణ్యమా అని నా పెన్షన్ మీద పన్ను కూడా సున్నా అయింది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని నేను కూడా సంతోషించాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఫిబ్రవరి జీతం మొత్తం ట్యాక్స్‌కే పోయేది, ఆ నెల ఇంట్లో అప్పు చేసి పండగ చేసుకున్న రోజులున్నాయి, కాబట్టి పన్ను కట్టేవాడి కడుపుమంట నాకు తెలియనిది కాదు.

ముందు మీ జీఎస్టీ లెక్క చూద్దాం. మీకు పన్నులో 100 రూపాయలు మిగిలాయి. అందులో 30 దాచుకున్నారు, లేదా హోమ్ లోన్‌కి కట్టేశారు. మిగిలిన 70 ఖర్చు పెట్టారు. ఆ 70లో సగం ఇంటి అద్దె, స్కూలు ఫీజు, కూరగాయలు, పాలు, పెట్రోలు లాంటి వాటికి పోయింది, వాటి మీద జీఎస్టీ ఉండదు (పెట్రోలు మీద వేరే పన్ను ఉంది, దాని సంగతి తర్వాత). మిగతా 35 మీద మొత్తం 18 శాతం జీఎస్టీ పడిందనుకున్నా లోపల ఉండే పన్ను 5 రూపాయల 30 పైసలు. అందులోనూ సగం రాష్ట్రానిది. అంటే కేంద్రం 100 వదిలితే మొదటి చుట్టులో కేంద్రం చేతికి వచ్చింది మూడు రూపాయల లోపే.

సరే, కొట్టువాడికి వెళ్లిన డబ్బు అతను ఖర్చు పెడతాడు, అతని దగ్గర పనిచేసేవాడు ఖర్చు పెడతాడు, అలా గుండ్రంగా తిరుగుతుంది కదా అంటారు. తిరుగుతుంది, ఒప్పుకుంటాను. దానికి ఇంకో లెక్క ఉంది, ఇది గుర్తుపెట్టుకుంటే టీవీ చర్చల్లో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు. మన దేశంలో జీడీపీ 100 రూపాయలు పెరిగితే కేంద్రానికి అన్ని పన్నులూ కలిపి దాదాపు 12 రూపాయలు వస్తాయి. కాబట్టి వదిలిన 100 పూర్తిగా తిరిగి రావాలంటే, ఆ 100 వల్ల జీడీపీ 800 రూపాయల పైన పెరగాలి. మధ్యతరగతి చేతిలో పెట్టిన వంద ఎనిమిది వందలు అవుతుందని నేను చదివిన ఏ లెక్కా చెప్పలేదు. వంద నూట యాభై అయితే గొప్ప. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు కూడా తగ్గించారు, 12, 28 శాతం శ్లాబులు తీసేసి ఎక్కువ వస్తువుల్ని 5, 18 శాతాల కిందికి తెచ్చారు. దాని వల్ల 48,000 కోట్లు తగ్గుతుందని ప్రభుత్వమే అంచనా వేసింది. పన్నులో వదిలింది జీఎస్టీలో పట్టుకుంటారని మీరన్నారు కదా, ఆ పట్టుకునే చెయ్యి కూడా కాస్త వదులైంది.

ఇక అసలు అంకెలు. 12 లక్షల నిర్ణయం వల్ల ప్రత్యక్ష పన్నుల్లో సుమారు లక్ష కోట్లు వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. లాభం 12 లక్షల లోపు వాళ్లకే అనుకుంటారు. కాదు. కొత్త విధానంలో (మినహాయింపులు దాదాపు లేకుండా తక్కువ రేట్లు ఉండే లెక్కలో) శ్లాబులన్నీ పైకి జరిపారు, 30 శాతం 24 లక్షల పైన మొదలవుతుంది. అందువల్ల 12 లక్షల వాడికి 80,000 మిగిలితే, 24 లక్షల వాడికి 1,10,000 మిగిలింది. మధ్యతరగతికి అని పేరు, నెలకు నాలుగు లక్షల జీతగాడికి కూడా అదే లక్షా పదివేలు వచ్చింది. అతను అడగలేదు కూడా.

లక్ష కోట్లంటే జీడీపీలో 0.3 శాతం కంటే తక్కువే, అందుకే కొంప మునగదన్నాను. కానీ అటువైపు ఏముందో చూడండి. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం వడ్డీల కిందే 12.76 లక్షల కోట్లు పెట్టింది. అప్పులు కాకుండా వచ్చే రెవెన్యూ ఆదాయం మొత్తం 34.20 లక్షల కోట్లు. నూటికి 37 రూపాయలు వడ్డీకే. అదే బడ్జెట్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ అంచనా 14.38 లక్షల కోట్లు, అంటే దేశంలో జీతగాళ్లు, డాక్టర్లు, వ్యాపారులు అందరూ కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో దాదాపు తొంభై శాతం పాత అప్పుల వడ్డీకి సరిపోతుంది. ఇంకో తమాషా, లక్ష కోట్లు వదులుకుంటూనే ఆ ముందు సంవత్సరం సవరించిన అంచనా 12.57 లక్షల కోట్ల నుంచి 14 శాతం పెరుగుతుందని రాసుకున్నారు. ఆదాయం అంచనా ధీమాగా రాయడం, ఖర్చు అంచనా కచ్చితంగా రాయడం, మార్చి వచ్చేసరికి మధ్యలో నలిగిపోయేది మాలాంటి సీట్లలో ఉన్నవాళ్లు.

రాష్ట్రాల వాటా సంగతి ఎవరూ మాట్లాడరు. ఇది నాకు బాగా తెలిసిన చోటు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. ఇన్‌కమ్ ట్యాక్స్ వసూలు చేసేది కేంద్రమే అయినా అది ఒక్క కేంద్రం సొమ్ము కాదు. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం అది పంచాల్సిన పన్ను. 2025-26 దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం లెక్కలో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. ఈ లెక్కన ఢిల్లీలో లక్ష కోట్లు వదిలితే అందులో 40,000 కోట్ల దాకా రాష్ట్రాల జేబులోంచి పోయినట్టు. ఆంధ్రకు సుమారు 1,600 కోట్లు, తెలంగాణకు 800 కోట్ల పైచిలుకు, ప్రతి ఏడాదీ. చప్పట్లు ఢిల్లీకి, నష్టం అమరావతికీ హైదరాబాద్‌కీ.

ఆ సంవత్సరం బడ్జెట్‌లో ఆంధ్రకు కేంద్ర పన్నుల వాటాగా రావాల్సింది 57,500 కోట్ల పైచిలుకు, తెలంగాణకు దాదాపు 29,900 కోట్లు. అది ఏడాదికి 14 వాయిదాల్లో, మామూలుగా నెలలో పదో తారీఖు ప్రాంతంలో పడుతుంది. మా సీటులో కూర్చున్నవాళ్లకి ఆ పదో తారీఖు ఎంత ముఖ్యమో చెప్పలేను. ఒకటో తారీఖు జీతాలు, పెన్షన్లు వెళ్లిపోతాయి, ఖాతా అడుగంటుతుంది. అప్పుడు రిజర్వ్ బ్యాంకు దగ్గర చేబదులు తీసుకుంటారు, వేస్ అండ్ మీన్స్ అంటారే అదే. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. ఓవర్‌డ్రాఫ్ట్ వరుసగా 14 పనిదినాలు దాటితే రిజర్వ్ బ్యాంకు చెల్లింపులు ఆపేస్తుంది, ఆ పరువు తక్కువ రాకుండా చూసుకోవడమే మా ఉద్యోగం. పదమూడో రోజు సాయంత్రం దాకా ఫోన్లు పట్టుకుని కూర్చున్న రోజులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. మంగళవారం బాండ్ల వేలం పెట్టి అప్పు తెస్తాం, అది బుధవారం ఖాతాలో పడుతుంది, గురువారానికి పాత బాకీలు నాకేస్తాయి. పత్రికల్లో "మళ్లీ మంగళవారం అప్పు" అని రాస్తారు కదా, ఆ మంగళవారం ఇదే.

మీరు "పబ్లిక్ ఫైనాన్స్‌కి రిస్క్" అన్నప్పుడు నాకు డెఫిసిట్ (లోటు) శాతాలు గుర్తురావు, ఒక మనిషి గుర్తొస్తాడు. నేను ఎస్‌టీవోగా ఉన్న రోజుల్లో ఒక మార్చి నెలలో పైనుంచి ఫ్రీజింగ్ వచ్చింది, జీతాలు పెన్షన్లు తప్ప ఏ బిల్లూ పాస్ చేయొద్దని. ఏ ఊరు, ఏ ప్రభుత్వం అన్నది అనవసరం, అన్ని ప్రభుత్వాల్లోనూ చూశాను. ఒక సంక్షేమ హాస్టల్ వార్డెన్ రోజూ పదకొండింటికి వచ్చి నా టేబుల్ ఎదురుగా బెంచీ మీద కూర్చునేవాడు. నాలుగు నెలల డైట్ బిల్లులు ఆగాయి. కిరాణా కొట్టాయన బియ్యం తప్ప పప్పు, నూనె అరువివ్వనన్నాడు. వార్డెన్ ఏమీ అనేవాడు కాదు, కూర్చునేవాడు, ఒంటిగంటకి "వస్తానండి" అని లేచి వెళ్లిపోయేవాడు. చివరికి భార్య గాజులు కుదువపెట్టి సరుకులు తెచ్చాడని తర్వాత తెలిసింది. ఆ ఫ్రీజింగ్ ఇన్‌కమ్ ట్యాక్స్ కోత వల్ల వచ్చింది అని నేను అనడం లేదు, అప్పటి కారణాలు వేరు. నేను చెప్పేది పద్ధతి గురించి. ఆదాయంలో ఎక్కడ చిల్లు పడినా అది పై నుంచి కిందికి కారుకుంటూ వచ్చి, గట్టిగా అడగలేని వాడి బిల్లు దగ్గర ఆగుతుంది. వడ్డీ ఆపలేరు, జీతాలు ఆపితే యూనియన్లు ఊరుకోవు, పెన్షన్ల పంపిణీ ఆపితే ఎన్నికల్లో ఓడిపోతారు. ఆపగలిగేది డైట్ బిల్లు, స్కూలు గది సిమెంటు బిల్లు, కాలువ పూడికతీత, చిన్న కాంట్రాక్టరు బిల్లు. ఆ వార్డెన్‌కి బిల్లు ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు, చెప్పాలన్నా అప్పటికి నాకూ తెలియదు.

ఇప్పుడు అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పన్ను తగ్గిస్తే వసూళ్లు పెరగడం అనేది పూర్తిగా అబద్ధం కాదు. 1973-74లో మన దేశంలో పై శ్లాబు రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. వంద సంపాదిస్తే రెండేకాలు రూపాయలు మిగిలేవి. ఆ రోజుల్లో తెల్లడబ్బు చూపించేవాడు పిచ్చివాడి కిందే లెక్క. అలాంటి చోట తగ్గిస్తే మేలే జరుగుతుంది. 1997లో చిదంబరం 40 నుంచి 30కి దించారు, 10, 20, 30 అని మూడు రేట్లు పెట్టారు, ఆ తర్వాత కట్టేవాళ్లు పెరిగారు. టీడీఎస్ గట్టిపడటం, పాన్ కార్డు, ఐటీ ఉద్యోగాలు రావడం, ఇవన్నీ కూడా కలిసొచ్చాయి, ఒక్క రేటు తగ్గింపు ఘనత కాదు. కానీ 97 నుంచి 77కి దించడం వేరు, 5 శాతం 10 శాతం కడుతున్నవాడిని సున్నాకి తేవడం వేరు. 10 శాతం పన్ను కోసం ఎవడూ ఆదాయం దాచిపెట్టి రిస్కు తీసుకోడు, జీతగాడైతే దాచాలన్నా దాచలేడు. కాబట్టి అక్కడ తగ్గించినందువల్ల కొత్తగా నిజాయితీ పుట్టుకొచ్చి వసూళ్లు పెరగడం ఉండదు.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను విషయంలో మనం ఒకసారి ఇది చూశాం. 30 శాతం బేస్ రేటు 22కి, కొత్త ఫ్యాక్టరీలకు 15కి తగ్గించారు. ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. కార్పొరేట్ ట్యాక్స్ 2018-19లో 6.64 లక్షల కోట్లు ఉంటే 2019-20లో 5.57కి పడింది, మరుసటి ఏడాది కోవిడ్‌లో 4.58కి పడింది. తర్వాత లాభాలు పెరిగి 2021-22లో 7 లక్షల కోట్లు దాటింది, అది చూపించి చూశారా తిరిగొచ్చింది అంటారు. అది తిరిగి రావడం కాదండీ, మూడేళ్ల తర్వాత పాత అంకెను దాటడం. కోత లేకపోతే ఎక్కడ ఉండేదో ఆ పోలిక ఎవరూ చెయ్యరు. 2023-24 నాటికి కంపెనీలు కట్టేదాని కంటే మనుషులు కట్టే ఇన్‌కమ్ ట్యాక్సే ఎక్కువైంది. కంపెనీల మీద తగ్గిన బరువును కొన్నేళ్లు ఇన్‌కమ్ ట్యాక్సే మోసింది. ఇప్పుడు ఆ భుజం మీద నుంచి కూడా బరువు దించారు. తర్వాత మోసేది ఎవరు?

అంటే పెట్రోలు. లేదా మద్యం. 2020 మే నెలలో కేంద్రం పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు ఎక్సైజ్ పెంచింది. ముడిచమురు ధర పడిపోయింది, కోవిడ్ వచ్చింది, ఖజానా ఖాళీ, కారణాలు అన్నీ ఉన్నాయి. చూడాల్సింది ఏ రూపంలో పెంచారన్నది, రోడ్డు సెస్సు, స్పెషల్ డ్యూటీ రూపంలో. సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలకు పంచక్కర్లేదు. కాబట్టి పంచాల్సిన పన్ను తగ్గించి, పంచనక్కర్లేని పన్ను పెంచితే కేంద్రానికి చిల్లు కొంత పూడుతుంది, రాష్ట్రానికి చిల్లు అలాగే ఉంటుంది. అప్పుడు రాష్ట్రం ఏం చేస్తుంది? తన చేతిలో ఉన్నవి నాలుగే, మద్యం, పెట్రోలు మీద వ్యాట్, రిజిస్ట్రేషన్ ఛార్జీలు, బండి పన్ను. నెలకు లక్ష జీతం వచ్చేవాడికి ఇన్‌కమ్ ట్యాక్స్ తీసేసి, ఆటో నడిపేవాడి డీజిల్ మీద, కూలి పనికి వెళ్లి సాయంత్రం క్వార్టర్ తాగేవాడి మీద వేసినట్టు. ఎవరూ కావాలని ఇలా ప్లాన్ చేస్తారని నేననను. ఒక్కో అడుగూ విడివిడిగా చూస్తే సబబుగానే ఉంటుంది.

బయటి దేశాల అనుభవం అడుగుతారని తెలుసు. అమెరికాలో కాన్సాస్ ఒకటి తరచూ చెబుతారు. 2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ అక్కడి రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ పై రేటు 6.45 నుంచి 4.9కి దించి, చిన్న కంపెనీల యజమానుల వ్యాపార ఆదాయం మీద ఏకంగా సున్నా చేశారు. వ్యాపారాలు పరిగెత్తుకొస్తాయి అన్నారు. మా మేనల్లుడు అప్పట్లో కాన్సాస్‌లోని ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉండేవాడు, అక్కడ మనవాళ్లు బాగానే ఉన్నారు. జీతం మీద పనిచేసే కన్సల్టెంట్లు కొందరు చట్టప్రకారమే సొంత కంపెనీ పెట్టుకుని అదే పని, అదే క్లయింటు, పన్ను మాత్రం సున్నా చేసుకున్నారట. కొత్త వ్యాపారం రాలేదు, పాత జీతాలే పేరు మార్చుకున్నాయి. ఒక్క ఏడాదిలో దాదాపు 70 కోట్ల డాలర్ల ఆదాయం పడిపోయింది, రోడ్ల నిధి నుంచి డబ్బు లాగారు, 2014లో క్రెడిట్ రేటింగ్ (అప్పు తీర్చే సత్తాకి ఇచ్చే గ్రేడు) తగ్గింది, 2015లో కొన్ని స్కూలు జిల్లాలు డబ్బుల్లేక వేసవి సెలవులు ముందే ఇచ్చేశాయి, అదే ఏడాది సేల్స్ ట్యాక్స్ పెంచారు, అది కిరాణా సరుకుల మీద కూడా పడింది. చివరికి 2017లో గవర్నర్ వీటో చేసినా ఆయన సొంత పార్టీ సభ్యులే చాలామంది ప్రతిపక్షంతో కలిసి చాలా భాగం వెనక్కి తీసుకున్నారు.

నాకు మాత్రం కాన్సాస్ కంటే శ్రీలంకే ఎక్కువ పాఠం. పక్కనే ఉంది, మనలాంటి జనం, మనలాంటి రాజకీయాలు. 2019 నవంబరులో గోటబాయ రాజపక్స ఎన్నికల్లో గెలిచారు, హామీ ఇచ్చినట్టే వెంటనే పన్నులు కోసేశారు. వ్యాట్ 15 నుంచి 8 శాతానికి. ఇన్‌కమ్ ట్యాక్స్ లేని పరిమితి ఏడాదికి 5 లక్షల శ్రీలంక రూపాయల నుంచి ఒక్కసారిగా 30 లక్షలకు. జీతంలోంచి నెలనెలా కోసే పద్ధతి, మన టీడీఎస్ లాంటిది, అదే ఎత్తేశారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు ఆ చివరిదే. రేటు తగ్గిస్తే మళ్లీ పెంచుకోవచ్చు. జీతంలోంచి కోసే యంత్రాంగాన్నే విప్పేస్తే, రిజిస్టరులోంచి లక్షలాది మంది బయటికి వెళ్లిపోతే, వాళ్లని మళ్లీ పిలిచి కూర్చోబెట్టడానికి ఏళ్లు పడుతుంది.

ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, టూరిస్టులు ఆగిపోయారు, 2021లో ఎరువుల దిగుమతి నిషేధం అనే ఇంకో తొందరపాటు జరిగింది. ఇవన్నీ నిజమే, పన్ను కోత ఒక్కటే శ్రీలంకను ముంచిందని చెప్పేవాళ్లు కథ అల్లుతున్నట్టు. కానీ కష్టం వచ్చినప్పుడు చేతిలో ఏమీ లేకుండా చేసింది ఆ కోతే. ఆదాయం పడటం చూసి రేటింగ్ ఏజెన్సీలు 2020లో గ్రేడు తగ్గించాయి, విదేశాల్లో కొత్త అప్పు పుట్టలేదు, ఉన్న డాలర్లు పాత అప్పులకు అయిపోయాయి, 2022 ఏప్రిల్ 12న 5,100 కోట్ల డాలర్ల విదేశీ అప్పు కట్టలేమని ప్రకటించారు. ఇక తర్వాత ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) 290 కోట్ల డాలర్లు ఇస్తూ పెట్టిన షరతుల్లో మొదటిది పన్నులు పెంచడమే. 2023లో ఇన్‌కమ్ ట్యాక్స్ పరిమితి 30 లక్షల నుంచి 12 లక్షలకు దిగింది, పై రేటు 36 శాతం అయింది, వ్యాట్ 2024 జనవరికి 18 శాతానికి చేరింది. అంటే 2019లో 15 వ్యాట్ కట్టేవాడు, రెండేళ్ల పైన 8 కట్టి, తర్వాత 18 కడుతున్నాడు. డాక్టర్లు రోడ్డెక్కారు, చాలామంది దేశం వదిలి వెళ్లారు. వాళ్ల కోపం న్యాయమే, కానీ అప్పటికి ఐఎంఎఫ్ వాళ్లు తప్ప అప్పిచ్చేవాళ్లు లేరు.

మనం శ్రీలంక కాదు. మన అప్పు చాలావరకు రూపాయల్లోనే, మన బ్యాంకులు, ఎల్‌ఐసీ, పీఎఫ్ డబ్బులే. కాబట్టి డాలర్లు అయిపోయి తలుపులు మూసుకునే పరిస్థితి ఇలా రాదు. కానీ కట్టేవాళ్ల సంఖ్య తగ్గించుకోవడం అనే జబ్బు మనకీ అంటింది. ఆ పోలిక మాత్రం నేను వదలను. 2014లో పన్ను లేని పరిమితి రెండున్నర లక్షలు. 2019లో రిబేటుతో 5 లక్షలు, 2023లో 7 లక్షలు, 2025లో 12 లక్షలు. ఇన్‌ఫ్లేషన్ లెక్క వేసినా రెండున్నర లక్షలు పన్నెండు అవ్వదు. మరో కోటి మంది పన్ను కట్టక్కర్లేకుండా పోతారని మంత్రిగారే గర్వంగా చెప్పారు. రిటర్న్ వేసేవాళ్లలో ఎక్కువమంది ముందే సున్నా పన్ను వాళ్లు. నా సర్వీసు మొత్తంలో ఆ గీత పైకి వెళ్లడమే చూశాను, కిందికి రావడం ఒక్కసారి చూడలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. 12 లక్షలు అనేది నిజానికి మినహాయింపు కాదు, రిబేటు. శ్లాబు ఇప్పటికీ 4 లక్షల దగ్గరే మొదలవుతుంది, 12 లక్షల మీద లెక్క కడితే 60,000 పన్ను వస్తుంది, రిబేటు పేరుతో ఆ 60,000 మాఫీ చేస్తున్నారు. రాసినవాళ్లు తెలివిగా తలుపు పూర్తిగా మూయకుండా గొళ్లెం వదిలి ఉంచారని నేననుకుంటాను. రేపు అవసరమైతే ఒక్క వాక్యం మారిస్తే చాలు. చట్టంలో సులువే, ఓట్ల దగ్గరే కష్టం. మా కాలనీలో ఒక లెక్చరర్ గారు ఉన్నారు, ఆయన ఈ ఏడాది సరెండర్ లీవు డబ్బులు తీసుకుంటే 12.75 లక్షలు (జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలిపితే వచ్చే గీత) దాటుతుందేమో అని నన్ను మూడుసార్లు అడిగారు. కొంచెం దాటితే దాటినంత వరకే పన్ను, మార్జినల్ రిలీఫ్ ఉంటుంది, టెన్షన్ పడొద్దని చెప్పాను. అయినా ఆయన తీసుకోలేదు. అంచు మీద నిలబడ్డ మనిషి అంత భయపడతాడు, ఇక ఆ అంచును కిందికి దించుతామని ఏ మంత్రి అంటాడు?

వడ్డీ లెక్క ఒక్కటి చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఏటా ఆ లక్ష కోట్ల చిల్లును 7 శాతం అప్పుతో పూడ్చుకుంటూ, వడ్డీని కూడా అప్పు చేసే కడుతూ పోయారనుకోండి. పదేళ్లకి ఆ అప్పు 13.8 లక్షల కోట్లు అవుతుంది. దాని మీద ఒక్క ఏడాది వడ్డీ 96,000 కోట్ల పైనే. అంటే పదేళ్ల తర్వాత చిల్లు లక్ష కోట్లు కాదు, దానికి జతగా దాదాపు ఇంకో లక్ష కోట్ల వడ్డీ. ఈలోపు దేశ ఆదాయం కూడా పెరుగుతుంది, రూపాయల్లో ఏటా పది శాతం పెరిగితే ఈ భారం పెద్దగా తెలియదు, నిజమే. పెరుగుదల మందగించి వడ్డీ రేటు కంటే కిందికి జారిన ఏడాది నుంచి మాత్రం దేశ ఆదాయంతో పోలిస్తే అప్పు తనంతట తానే లావెక్కుతుంది, వడ్డీకి తప్ప కొత్త అప్పు చేయకపోయినా సరే. సచివాలయంలో మా పెద్దాయన ఒకరు దీన్ని "బావి లోతు ఎండాకాలంలో తెలుస్తుంది" అనేవారు.

"ఎలాగూ ప్రభుత్వం దుబారా చేస్తుంది కదా, మా డబ్బు మా దగ్గర ఉంటే తప్పేంటి" అని కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు, కాబట్టి ముందే చెబుతున్నా. దుబారా ఉంది, నేను నా చేత్తో పాస్ చేసిన బిల్లుల్లోనే చూశాను. కానీ ఆదాయం తగ్గితే దుబారా తగ్గుతుంది అనుకోవడం భ్రమ. ముప్పై ఏళ్లలో డబ్బు కరువైన ప్రతిసారీ ముందు ఆగింది పని, తర్వాత ఆగింది జీతాల పెంపు, దుబారా ఎప్పుడూ ఆఖరున ఆగేది, ఒక్కోసారి ఆగేదే కాదు.

నన్ను అడిగితే, పరిమితిని కొన్నేళ్లకోసారి ఎన్నికల ముందు ఎగరేసే బదులు ఏటా ధరల సూచీతో కొంచెం కొంచెం జరిపి ఉంటే సరిపోయేది. 7 నుంచి 12 లక్షల మధ్య వాళ్ల దగ్గర రెండో మూడో శాతం అయినా ఉంచి ఉంటే, పుస్తకంలో పేరు ఉండేది, అలవాటు పోయేది కాదు. నా పెన్షన్‌కి కూడా ఆ రెండు శాతం పడేది, పడనివ్వండి, ఫిబ్రవరి అలవాటే.

మీరు దీన్ని నిజంగా గమనించాలనుకుంటే ఫిస్కల్ డెఫిసిట్ శాతం ఒక్కటే చూడకండి, దాన్ని పెట్టుబడి ఖర్చు తగ్గించి ఎలాగైనా లక్ష్యానికి తెస్తారు. రెవెన్యూ ఆదాయంలో వడ్డీ ఎంత శాతమో చూడండి, 2025-26 బడ్జెట్‌లో 37 ఉంది. మొత్తం పన్నుల్లో సెస్సులు, సర్‌చార్జీల భాగం పెరుగుతోందా చూడండి. మీ రాష్ట్రం మంగళవారం వేలంలో ఎంత తీసుకుంది, ఎంత వడ్డీకి అన్నది రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఆ రోజే పెడతారు. రిటైరై ఇన్నేళ్లయినా మంగళవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక నేను ఫోన్ తీసి అదే చూస్తాను. మా ఆవిడ "ఇవాళ ఎంతకి పాడారండీ" అని అడుగుతుంది, నవ్వుతూనే.